డ్రమ్ము అడుగున గుప్పెడు పొడి

మా ఫ్యాక్టరీలో పీసులు ఎందుకు పగిలాయని అందరినీ అడిగారు, నన్ను తప్ప. కరెంటు పని చూసే మనిషిని అడిగారు. ఫర్నేసు అమ్మిన కంపెనీ ఇంజనీరును పిలిపించి, భోజనం పెట్టి మరీ అడిగారు. వాస్తు చూసే ఆయన కోసం తిరుచానూరుకు కారు పంపారు. ఆ పీసులు తయారు చేసిన మనిషిని నేను. పక్క గదిలోనే ఉన్నాను. నా దాకా వచ్చేసరికి అడగడం అయిపోయింది, తేల్చడం కూడా అయిపోయింది. అప్పటి నుంచి నేనే ఎదురు అడుగుతున్నాను. ఇప్పటిదాకా ఒక్కరూ జవాబు చెప్పలేదు. నోటితో అడిగితే వినపడలేదు, రాస్తే కనపడుతుందేమో చూద్దాం.

నేను దేన్నీ మరిచిపోయే రకం కాదు. మా ఆవిడ దాన్ని రోగం అంటుంది. వాళ్ల బంధువుల పెళ్లిలో వడ్డిస్తున్నవాళ్లు పెరుగన్నం గిన్నెతో నా విస్తరి దాటి వెళ్లిపోయిన సంగతి నేను ఇప్పటికీ ఎత్తుతానని ఆమె బాధ. ఎత్తుతాను. ఆ విస్తరి ముందు కూర్చున్నది నేను.

రేణిగుంట విమానాశ్రయానికి పోయే దారిలో, గోడౌన్ల వెనక మా షెడ్డు ఉంటుంది. విమానం దిగేటప్పుడు పైరేకులు గలగలమంటాయి. నేను తిరుపతి నుంచి బస్సులో వెళ్లి వస్తాను. ఆ బస్సులో రైలెక్కడానికి పోయే యాత్రికులే ఎక్కువ. గుండుకు గంధం పూసుకుని, ఒళ్లో లడ్డూ సంచీ పెట్టుకుని కూర్చుంటారు. పక్కవాడిని పలకరించకుండా ఉండలేరు.

"మీరేం పని చేస్తారండీ?" అని ఒకాయన అడిగాడు ఒకసారి. మాటను బట్టి గోదావరి వైపు మనిషి.

"పింగాణీ సామాన్లు చేస్తామండీ."

"కప్పులూ సాసర్లూనా?"

"కాదండీ. లేజరుతో చేసేవి."

ఆయన కాసేపు ఆలోచించి, "అంటే కళ్ల ఆపరేషనుకా?" అన్నాడు.

స్టేషను వచ్చేసింది, దిగిపోయాం. ఆయన మీద నాకేమీ కోపం లేదు. ఆయన కనీసం అడిగాడు.

ఆయనకు చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను. అల్యూమినా అని తెల్లటి పొడి ఉంటుంది. మైదా కన్నా మెత్తగా ఉంటుంది. మేము తెప్పించే పొడిలో ప్రతి రేణువుకూ కంటికి కనపడనంత పల్చగా ప్లాస్టిక్ జిగురు పూసి ఉంటుంది. మెషీనులో ఒక బ్లేడు ఆ పొడిని పల్చటి పొరగా పరుస్తుంది. పైనుంచి లేజరు కిరణం వచ్చి, వాకిట్లో ముగ్గు గీసినట్టు, కావలసిన చోట మాత్రమే తిరుగుతుంది. అది తిరిగిన చోట జిగురు కరిగి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తిరగని చోట పొడి పొడిగానే ఉండిపోతుంది. మళ్లీ బ్లేడు, మళ్లీ పొర, మళ్లీ కిరణం. రోజంతా ఇదే. చివరికి పొడిలో పాతిపెట్టినట్టుగా లోపల ఎక్కడో పీసు ఉంటుంది. కుంచెతో దులుపుతూ దాన్ని బయటికి తీయాలి. చుట్టూ మిగిలిన పొడిని జల్లెడ పట్టి, డ్రమ్ములో పోసి మళ్లీ వాడుకోవచ్చు.

అప్పటికి ఆ పీసు సుద్దముక్కంత పెళుసు. గట్టిగా పట్టుకుంటే చేతిలోనే రాలిపోతుంది. ఫర్నేసులో పెట్టి మెల్లమెల్లగా వేడి చేస్తే ముందు జిగురు కాలిపోతుంది. ఇంకా వేడి పెంచితే రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పీసు కొంచెం చిక్కిపోయి, రాయిలా గట్టిపడుతుంది. చల్లారాక గోటితో కొడితే గుళ్లో చిన్న గంటలా మోగుతుంది. మోగితే మంచి పీసు. డొక్కుగా పలికితే లోపల ఎక్కడో పగులు ఉందన్నమాట.

ఇంత తతంగం ఎందుకంటే, అచ్చులో పోసి తీయలేని ఆకారాలు దీంతో వస్తాయి. మద్రాసు వైపు కంపెనీ ఒకటి మాకు అలాంటి పని ఇచ్చింది. మంట చిమ్మే గొట్టానికి మూతి, అరచేతిలో పట్టేంత. బయటి నుంచి చూస్తే విశేషమేమీ లేదు. లోపల మాత్రం మూడు సన్నటి దారులు జాంగ్రీ చుట్టల్లా మెలికలు తిరుగుతూ, ఎక్కడా ఒకదానికొకటి తగలకుండా పైకి వస్తాయి. ఏ డ్రిల్లూ ఆ మెలికల్లో దూరలేదు. మొదటి పీసు దులిపి తీసినప్పుడు ఒక దారిలో నోటితో ఊదాను. మెలికలన్నీ తిరిగి, పైన నా వేలికి చల్లగా గాలి తగిలింది. ఆ సంతోషం ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. మేనేజరు గదిలో ఉన్నాడు. వెళ్లి చూపించాను. "సరే, ఆడ పెట్టు" అన్నాడు, ఫోనులోంచి తల ఎత్తకుండా. ఇది కూడా నాకు గుర్తుంది.

మా యజమానిని అందరూ పెద్దాయన అంటారు. చిత్తూరులో తరతరాలుగా బియ్యం మండీ నడిపిన కుటుంబం. ఆయనకు ఈ లేజరు మెషీను మీద ఎలా మనసు పడిందో నాకు తెలియదు. కోయంబత్తూరులో ఏదో ప్రదర్శనలో చూసి, ఇది నాకు కావాలి అన్నాడట. నేను సిరామిక్ డిప్లొమా చేసి, టైల్సు ఫ్యాక్టరీల్లో ఫర్నేసుల దగ్గర సగం జీవితం గడిపినవాడిని. వెతికి వెతికి నన్ను పిలిపించారు. ఆ మాట మాత్రం నిజం, నన్ను పిలిపించారు.

మెషీను పూజ రోజు పెద్దాయన మొదటి డ్రమ్ము మూత తన చేత్తో తెరిచాడు. పొడి మీద చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ వేశాడు. దండం పెట్టుకున్నాడు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఇదో సూడప్పా. ఈ డ్రమ్ము ఎప్పటికీ ఊడ్చుకోని ఖాళీ చేయొద్దు. అడుగున గుప్పెడు ఉండాల. కొత్త డ్రమ్ము వచ్చినప్పుడు ఆ గుప్పెడు తీసి దాంట్లో వెయ్యి."

"ఎందుకు సార్?"

"మా మండీలో గరిసె అడుగు ఎట్లుంటాదో నేను పుట్టినప్పటి నుంచి సూడలేదు. మా నాయన సూపించలేదు. అడుగు కనపడిందంటే లక్ష్మి లేచి పోయినట్టే."

గరిసె అంటే ధాన్యం పోసే గాదె. ఆయన మాట నాకేమీ వింతగా తోచలేదు. మా అమ్మా అంతే. బియ్యం డబ్బాలో కొత్త బియ్యం పోసేముందు గుప్పెడు పాతవి ఉండి తీరాలి. ఒకవేళ అయిపోయే పరిస్థితి వస్తే, పక్కింటి నుంచైనా గ్లాసెడు తెచ్చి పోసి, అప్పుడు తీసేది. మా ఆవిడ ఇప్పటికీ అలాగే చేస్తుంది. కాబట్టి సరే సార్ అన్నాను. ఆ రోజు అందరూ నిలబడి ఫోటో తీయించుకున్నారు. అది ముందు గదిలో పెద్దది చేసి పెట్టారు. అందులో నా మోచెయ్యి ఉంది. మోచేతి తర్వాత చట్రం వచ్చేసింది.

కొన్నాళ్లు అంతా బాగానే నడిచింది. డ్రమ్ము అయిపోవచ్చినప్పుడల్లా అడుగున గుప్పెడు మిగిల్చేవాళ్లం. కొత్త డ్రమ్ము వస్తే ఆ గుప్పెడు అందులో వేసి, మూత బిగించి, రోలర్ల మీద పడుకోబెట్టి దొర్లించేవాళ్లం. మిగతా పాత పొడి అంతా జల్లెడ పడతాం అని చెప్పాను కదా, ఈ గుప్పెడును మాత్రం పట్టేవాళ్లం కాదు. ఒకసారి నేను జల్లెడ అందుకోబోతే పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"లక్ష్మిని జల్లిస్తారా అప్పా ఎవురైనా?"

ఎండాకాలం వచ్చింది. రేణిగుంట ఎండ సంగతి ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. రేకుల షెడ్డు. మెషీను గదికి ఏసీ ఉంది, డ్రమ్ము పెట్టే చోట లేదు. జిగురు పూసిన పొడి వేడికి మెత్తబడుతుంది, మెత్తబడితే రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆ అడుగు గుప్పెడు ఎన్ని డ్రమ్ములు మారిందో, ఎన్నిసార్లు మెషీను వేడి చూసిందో. ఒకరోజు చేతిలోకి తీసుకుంటే వేళ్ల మధ్య గరగరమంది. రవ్వ పలుకుల్లాంటి ఉండలు. దొర్లిస్తే విడిపోతాయనుకున్నాను.

విడిపోలేదు. మెషీను అద్దంలోంచి చూస్తుండగా బ్లేడు పొర పరుస్తూ వెళ్లింది. వెనకాల, నున్నటి తెలుపులో సన్నటి గీత. ఉండ ఒకటి బ్లేడుకు అడ్డం పడితే, బ్లేడు దాన్ని ఆ చివర దాకా ఈడ్చుకుపోయిందన్నమాట. తర్వాతి పొర వచ్చి గీతను కప్పేసింది. పైకి ఏమీ కనపడదు. కానీ లోపల ఆ గీత ఉన్న చోట పొడి తక్కువ. ఫర్నేసులో పీసు చిక్కిపోయేటప్పుడు అక్కడ ఒకలాగా, పక్కన ఒకలాగా చిక్కుతుంది. అలాంటి చోటే పగులు మొదలవుతుందని నా అనుమానం. అనుమానమే అంటున్నాను, గమనించండి. నేను ఎప్పుడూ అంతకుమించి అనలేదు.

వెంటనే మేనేజరుకు చెప్పాను.

"సార్, ఆ అడుగు పొడి పారేద్దాం. ఉండలు కడతా ఉండాది. పొర మీద గీతలు పడతా ఉండాయి."

"ఎంత పొడప్పా?"

"గుప్పెడు."

"గుప్పెడా!" అని నవ్వాడు. "అంత పెద్ద డ్రమ్ములో గుప్పెడు పొడితో ఏమవుతాది? కల్యాణకట్టలో ఒక వెంట్రుక ఎక్కువైందని కంప్లయింటు ఇచ్చినట్టుండాది నీ మాట."

"పోనీ జల్లెడైనా పట్టనీండి."

"ఆ మాట పెద్దాయనతో చెప్పుకో. ఆయన లక్ష్మి జోలికి నన్ను తీసకపోవద్దు సామీ."

పెద్దాయన దగ్గరికే వెళ్లాను. టిఫిను చేస్తున్నాడు, పొంగలి. కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను. గీత ఎలా పడుతుందో బల్ల మీద వేలితో గీసి చూపించాను.

"నీకు తెలియంది ఏముండాదప్పా, అనుభవం ఉండే మనిషివి" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలో ఫోను మోగింది. మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి కడుక్కుని, మాట్లాడుతూనే కారెక్కాడు. నేను బల్ల మీద వేలు పెట్టుకుని నిలబడే ఉన్నాను.

మద్రాసు కంపెనీ పీసులు ఫర్నేసులోకి వెళ్లింది ఆ తర్వాత వారమే.

ఫర్నేసు గురించి ఒక సంగతి చెప్పాలి. వేడెక్కడం ఎంత మెల్లగా జరగాలో, చల్లారడం కూడా అంతే మెల్లగా జరగాలి. లోపల వేడి ఉండగా తలుపు తీస్తే బయటి గాలి తగిలి పీసులు పగులుతాయి. ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ అది తెలుసు. నేను మీటరు చూశాను. తీయవచ్చునని మీటరు చెప్పాకే తలుపు తీశాను. ఆ సమయానికి నాతో పనిచేసే ఆపరేటరు టీకి వెళ్లింది. చంద్రగిరి నుంచి వచ్చే అమ్మాయి, మెషీను పని నా దగ్గరే నేర్చుకుంది. కాబట్టి నేను తలుపు తీసినప్పుడు చూసినవాళ్లు లేరు.

పీసులు వరసగా, తెల్లగా, ఎంతో బాగున్నాయి. మొదటిదాన్ని తీసి గోటితో కొట్టాను. డొక్కుగా పలికింది. రెండోది అంతే. వెలుతురులోకి తీసుకెళ్లి చూస్తే, మెలిక తిరిగే చోట వెంట్రుకంత పగులు. ట్రేలో మోగినవి చాలా తక్కువ. ఆపరేటరు టీ తాగి వచ్చి, నా మొహం చూసి, "ఏమైందన్నా?" అంది. నేను ఒక పీసు ఆమె చేతికిచ్చాను. ఆమె కొట్టి చూసి, తిరిగి ట్రేలో పెట్టింది.

తర్వాత అందరినీ అడిగిన సంగతి మొదట్లోనే చెప్పాను. వాస్తు ఆయన ఫర్నేసు సరైన మూలలోనే ఉందన్నాడు. ఫర్నేసు కంపెనీ ఇంజనీరు పగుళ్లు చూసి, వేడి మీద తలుపు తీసినా ఇలాగే పగులుతాయి అన్నాడు. తీసినా అన్నాడు. 'తీసినా' అన్న మాట పక్క గది నుంచి నా చెవులతో విన్నాను. అది మేనేజరు నోట్లోకి వెళ్లేసరికి 'తీసినందుకు' అయింది.

అందరూ కూర్చుని ఉండగా నన్ను లోపలికి పిలిచారు.

"తొందరపడినాడు సార్, అంతే. తలుపు ముందే తీసేసినాడు" అన్నాడు మేనేజరు పెద్దాయనతో, నేను లేనట్టు.

"మీటరు చూసే తీసినాను. ఆ గుప్పెడు పొడి సంగతి మీకిద్దరికీ ముందే చెప్పినాను..."

"పోనీలేప్పా" అన్నాడు పెద్దాయన. ఎంత మెత్తగా అన్నాడో. "వయసయ్యే కొద్దీ అందరికీ అవుతాది. నేనేమన్నా అన్నానా నిన్ను? కొన్నాళ్లు ప్యాకింగులో కూర్చో. నీడ పట్టున ఉంటాది."

ఆయన అరిచి ఉంటే నేనూ అరిచేవాడిని. ఉద్యోగంలోంచి తీసేసి ఉంటే ఇంకో చోట చూసుకునేవాడిని. పోనీలే అన్నాడు. చేయని తప్పుకు క్షమాపణ ఇస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. తిట్టు అయితే తిరిగి ఇచ్చేయొచ్చు.

సాయంత్రం మా ఆవిడకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది.

"పోనీలే అన్నాడు కదా, ఇంకేంది?" అంది.

"అదే కదా చెప్పేది."

"మిమ్మల్ని తిట్టినా కష్టమే, తిట్టకపోయినా కష్టమే" అని చేట ఎత్తి చెరిగింది. కాసేపటికి, "తలుపు ముందే తీసినారా?" అని అడిగింది.

ఇంట్లో కూడా నాకు ఆ ప్రశ్న తప్పలేదు. లేదన్నాను. సరే అంది. ఆమె నమ్మిందని నేను అనుకుంటున్నాను.

ప్యాకింగు గదిలో నా పని పీసులను స్పాంజిలో చుట్టి పెట్టెల్లో సర్దడం. కొట్టి చూడమని ఎవరూ చెప్పలేదు. నేనే ప్రతి పీసునూ చుట్టేముందు గోటితో కొట్టేవాడిని. మొదట్లో అక్కడక్కడ డొక్కువి తగిలేవి, పక్కన పెట్టి పంపేవాడిని. తర్వాత ఒక వారం నుంచి అన్నీ మోగడం మొదలుపెట్టాయి. ట్రే తర్వాత ట్రే, అన్నీ. గదిలో ఒక్కడినే కూర్చుని వింటూ ఉంటే ఎవరో నాకు ఏదో చెబుతున్నట్టుండేది. ఏదో మారింది. ఏం మారిందో నాకు ఎవరూ చెప్పలేదు.

చంద్రగిరి అమ్మాయి మధ్యాహ్నం క్యారియరు తెచ్చుకుని నా గదిలోకి వచ్చి తింటుంది. నన్ను ప్యాకింగులో వేశాక కూడా ఆ అలవాటు మానలేదు. ఆమెను అడిగాను.

"పీసులన్నీ మోగతా ఉండాయి. ఏం చేసినారమ్మా?"

"మీకు తెలీదా అన్నా? ఫర్నేసు తలుపుకు లాకు పెట్టినారు. పూర్తిగా చల్లారేదాకా మనం పీకినా రాదు."

నా మొహం ఎలా పెట్టానో తెలియదు. ఆమె గబగబా అంది: "డ్రమ్ము కూడా కడిగినాములే అన్నా."

"ఏ డ్రమ్ము?"

"పొడి డ్రమ్మే. పెద్దాయన వచ్చి అడుగున ఉండే గుప్పెడు ఇత్తడి చెంబులోకి తీసుకున్నాడు. ముందు గదిలో దేవుడి పటాల కాడ పెట్టినాడు. ఇంక డ్రమ్మును అడుగుదాకా వాడుకోండి, లక్ష్మి ఈడ ఉంటాది అన్నాడు."

"ఎప్పుడు?"

"లాకు బిగించిన వారమే."

"అట్లా చేయమని ఎవురు చెప్పినారు ఆయనకు?"

"ఏమోనన్నా. ఆయనే చేసినాడు." ఆమె చారన్నం కలుపుకుంది. "మీరు చెప్పిందే కదా" అంది తర్వాత.

మీరు చెప్పిందే కదా. ఆ ఫ్యాక్టరీలో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే.

అసలు చిక్కు అక్కడే ఉంది. రెండూ ఒకే వారం మార్చారు. గుప్పెడు తీసినందువల్ల పగుళ్లు ఆగాయా, తలుపుకు లాకు పడినందువల్ల ఆగాయా? గుప్పెడే కారణమైతే నేను తలుపు ముందే తీయలేదు, ఇన్నాళ్లూ నిజం చెప్పాను. తలుపే కారణమైతే మీటరు నన్ను మోసం చేసి ఉండాలి, లేదా నేనే సరిగ్గా చూసి ఉండకపోవాలి. పగుళ్లు నా వల్ల రాలేదని నేను నమ్ముతున్నాను. నమ్మడం వేరు, తెలియడం వేరు. సగం జీవితం ఫర్నేసుల ముందు నిలబడ్డవాడికి ఆ తేడా కొంచెం తెలుస్తుంది.

తెలుసుకోవడం కష్టం కాదు. తలుపు లాకు అలాగే ఉంచి, ఆ చెంబులోని పొడిని ఒక చిన్న డ్రమ్ములో కొత్త పొడితో మునుపటిలాగే జల్లెడ పట్టకుండా కలిపి, ఒక్క ట్రే చేసి చూస్తే చాలు. పగిలితే గుప్పెడు. పగలకపోతే నేను. ఈ మాట చెప్పడానికి ముందు గదికి వెళ్లాను. చెంబు అక్కడే ఉంది. దాని మీద మందారపువ్వు పెట్టి ఉంది. పెద్దాయన ఊదొత్తి వెలిగిస్తున్నాడు.

"సార్, ఒక్క ట్రే చేసి సూద్దాం."

అంతా విన్నాడు. ఈసారి ఫోను మోగలేదు.

"ఇప్పుడు అన్నీ మోగతా ఉండాయి కదప్పా?"

"మోగతా ఉండాయి."

"మరి ఎందుకు కెలుకుతావు? బాగుండే దాన్ని పగలగొట్టుకోని సూస్తామా?"

"నా మీద మాట ఉండాది సార్."

"ఏం మాటప్పా? నేను అప్పుడే పోనీలే అన్నాను కదా!"

ఊదొత్తి పటం దగ్గర గుచ్చి, దండం పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. దేవుడి ముందు కళ్లు మూసుకున్న మనిషిని ఏమని అడుగుతాం? చాలాసేపు మూసుకునే ఉన్నాడు. బయటికి వచ్చేశాను.

పెద్దాయన శుక్రవారం శుక్రవారం తిరుచానూరు అమ్మవారి దర్శనానికి వస్తాడు. మా ఆవిడను తీసుకుని నేనూ వెళ్లాను. పూల అంగళ్ల దగ్గర, ఆయన కారు ఆగే చోట నిలబడ్డాను.

"దేవుని కాడికి వచ్చినా ఫ్యాక్టరీయేనా?" అంది మా ఆవిడ. మూర మల్లెపూలు కొనుక్కుని తల్లో పెట్టుకుంటూ, "నేనైతే దర్శనానికి వచ్చినాను. మీరు ఎవురి దర్శనానికి వచ్చినారో మీకే తెలియాల" అని లోపలికి వెళ్లిపోయింది.

పెద్దాయన బయటికి వచ్చి నన్ను చూశాడు. చూసి ఎంత బాగా నవ్వాడని. నేను నోరు తెరిచేలోపే పొట్లం విప్పి, నా నుదుటన తన చేత్తో కుంకుమ పెట్టాడు. "అమ్మ సల్లగా సూడాల నిన్ను" అన్నాడు. కారెక్కాడు. పూలమ్మే ఆమె నన్ను చూసి, "మీ అన్నా సామీ?" అని అడిగింది. కాదమ్మా, మా ఓనరు అన్నాను. "ఎంత ప్రేమో" అంది ఆమె.

ప్రేమ లేదని నేను ఎప్పుడూ అనలేదు. మా అమ్మాయికి జ్వరమొస్తే కారు పంపిన మనిషి ఆయన. నేను మరిచిపోని వాటిలో అది కూడా ఉంది. కానీ నేను అడిగింది ప్రేమ కాదు.

ఆయన ఎందుకు చెప్పడం లేదో నాకు ఈ మధ్యనే తోచింది. బస్సులో వస్తుండగా తోచింది. గుప్పెడు వల్లే పగిలాయని తేలితే, పగలగొట్టింది వాళ్ల నాయన పద్ధతి అవుతుంది. మండీ గరిసె అడుగు కొడుక్కు చూపించకుండా పెంచిన మనిషి. ఆయనను పెద్దాయన ఆ మాట అనలేడు, ఇంకొకరు అంటే వినలేడు. నా మీద పెట్టి పోనీలే అనడం సులువు. నేను ఎటూ పోను కదా.

అందుకే ఇది ఆయనకే చెబుతున్నాను. అయ్యా, ఇది మీ చెవిదాకా వస్తుందని నాకు తెలుసు. చంద్రగిరి అమ్మాయి చదివి వినిపిస్తానంది. నేను మీ నాయనగారిని ఒక్క మాట కూడా అనడం లేదు. ఆయన పద్ధతి బియ్యానికి మంచిదే, మా ఇంట్లోనూ అదే పద్ధతి. బియ్యం పాతబడితే ఇంకా బాగుంటాయి. ఈ పొడి పాతబడితే ఉండకడుతుంది. తేడా అంతే, దాంట్లో ఎవరి పరువూ పోదు. చెంబులో ఉన్నది మొత్తం కూడా అడగడం లేదు. సగం మీ పటాల దగ్గరే ఉంచండి. మిగతా సగం నాకు ఒక్క రోజు ఇవ్వండి. శనివారం మధ్యాహ్నం నుంచి మెషీను ఖాళీగానే ఉంటోంది. ఆ అమ్మాయి నడుపుతుంది, నేను ఏదీ ముట్టుకోను, ఫర్నేసు వైపు కూడా రాను. తలుపు మీరే తీయండి. ఒక పీసు చేతిలోకి తీసుకుని మీ గోటితో మీరే కొట్టండి. డొక్కుగా పలికితే, ఆ రోజు ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో వాళ్లందరి ముందూ నా మీద పెట్టిన మాట తీసేయండి. మోగితే, తప్పు నీదేనప్పా అని అదే గదిలో చెప్పండి. ప్యాకింగులోనే కూర్చుంటాను, మళ్లీ ఎత్తను. నేను ఎత్తనని మాట ఇవ్వడం ఇదే మొదటిసారి, మా ఆవిడను అడగండి కావాలంటే.

పోనీలే అని మాత్రం అనొద్దు. కుంకుమ పెట్టొద్దు. తలుపు వల్ల పగిలాయా, గుప్పెడు వల్ల పగిలాయా? నాకు జవాబు చెప్పండి.